మనోవిశ్లేషకునికి ముద్ర వేయువారెవరు?

ఉపాధ్యాయ శిక్షణ పొందిన వారందరును ఫ్రాయిడ్ పేరు విన్నవారే. అచేతన మనస్సు, దమనము, అహము మొదలైన మాటలు బి.ఇడి. పాఠ్యగ్రంథములలో ఉన్నవి. పరీక్షలలో వాటిపై ప్రశ్నలును వచ్చును. కాని ఈ సిద్ధాంతముల ఆధారముతో రోగులకు చికిత్స చేయువారు ఎక్కడ చదువుకొందురు? వారికి యోగ్యతాపత్రము ఇచ్చువారెవరు? ఈ ప్రశ్న మన తరగతులలో సాధారణముగా వినబడదు.

జవాబు కొంత వింతగానే ఉండును. వైద్యమునకు, భౌతికశాస్త్రమునకు వలె మనోవిశ్లేషణకు విశ్వవిద్యాలయములు ముఖ్యస్థానములు కావు. పగలు ఆస్పత్రులలోను, ఇతర ఉద్యోగములలోను పనిచేయువారు తీరిక వేళలలో చేరి చదువుకొను ప్రైవేటు శిక్షణ సంస్థలే దానికి నిలయములు. కొన్ని విశ్వవిద్యాలయములకు అనుబంధముగా ఉన్నవి. చాలా భాగము స్వతంత్రముగా నడచుచున్నవి. అట్టి సంస్థ ఇచ్చిన పత్రమునకు ఆ ఊరు దాటిన తరువాత కూడ విలువ ఉండవలెనన్న, సంస్థ ఏదో ఒక వృత్తి సంఘములో చేరవలసి వచ్చును. చేరవలెనా, విడిగా ఉండవలెనా అను తగాదా ఈ రంగములో నూరేండ్లుగా సాగుచున్నది. ఇది వారి ఇంటి గొడవ అని మనము త్రోసివేయనక్కరలేదు. ఒక విద్యకు గుర్తింపు ఉన్నదనుట వేరు, ఆ విద్య నిజమనుట వేరు. ఈ రెండును ఎట్లు కలగాపులగమగునో ఈ చరిత్రలో స్పష్టముగా కనబడును.

తగాదాకు మూలగ్రంథమనదగినది ఫ్రాయిడ్ స్వయముగా వ్రాసినదే. వైద్యులు కానివారు మనోవిశ్లేషణ చేయవచ్చునా అను విషయముపై 1926లో ఆయన ఒక చిన్న పుస్తకము ప్రకటించినాడు. దానికి సందర్భము ఒక కోర్టు వ్యవహారము. ఆయన శిష్యుడు థియొడోర్ రైక్ వియన్నాలో డాక్టరేటు పొందినవాడే. అయితే అది వైద్యములో కాదు. ఫ్లాబర్ట్ అను ఫ్రెంచి రచయిత గ్రంథముపై చేసిన పరిశీలనకు వచ్చినది. ఒక రోగి ఫిర్యాదు చేయగా రైక్‌పై నకిలీ వైద్యము చేయుచున్నాడను నేరము మోపబడినది. శిష్యుని పక్షమున గురువు కలము పట్టినాడు. 1927లో ఆ వ్యాజ్యము విరమింపబడినది.

పుస్తకము సంభాషణ రూపములో ఉన్నది. పక్షపాతము లేని ఒక పెద్దమనిషి ప్రశ్నలు అడుగుచుండును. ఫ్రాయిడ్ జవాబు చెప్పుచుండును. ఒక ఉన్నతోద్యోగిని మనస్సులో ఉంచుకొని ఆ పాత్రను కల్పించితినని ఫ్రాయిడే తరువాత చెప్పినాడు. కఠినమైన విషయమును సామాన్యునికి విప్పిచెప్పుటలో ఈ పుస్తకము నేటికిని ఆదర్శమే. మన విజ్ఞాన వ్యాసకర్తలు దీని నుండి నేర్చుకొనదగినది చాలా ఉన్నది. దానిలోని వాదము కూడ బలమైనదే. నకిలీ వైద్యుడనగా పట్టా లేనివాడు కాదు, చేయు పనికి కావలసిన జ్ఞానమును నేర్పును లేనివాడు అని ఫ్రాయిడ్ నిర్వచనమునే మార్చివేసినాడు. ఆ కొలతతో చూచినచో విశ్లేషణ నేర్వకుండ విశ్లేషణ చేయు వైద్యులే ఎక్కువగా నకిలీలగుదురని తిప్పికొట్టినాడు. మనోవిశ్లేషణకు ప్రత్యేక కళాశాల ఏర్పడినచో అందులో జీవశాస్త్రముతో పాటు నాగరికతా చరిత్ర, పురాణగాథలు, మతముల మనస్తత్వము, సాహిత్యము కూడ బోధింపవలెనని కోరినాడు. అయినను జాగ్రత్త విడువలేదు. రోగము శరీరమునకు సంబంధించినదా కాదా అని మొదట వైద్యుడు పరీక్షించి చెప్పవలెననియు, నడుమ అనుమానము వచ్చినచో మరల వైద్యుని సంప్రదింపవలెననియు వ్రాసినాడు.

లోపము ఎక్కడ ఉన్నదనగా, ఆ పెద్దమనిషి మరీ మర్యాదస్తుడు. అడుగవలసిన ప్రశ్న ఒకటి ఆయన గట్టిగా నిలదీసి అడుగలేదు. పట్టా ముఖ్యము కాదు, శిక్షణ ముఖ్యము అనుకొందము. ఆ శిక్షణ సరియైనదో కాదో తేల్చువారెవరు? శిక్షణ పొందినవారే తేల్చుదురనుట ఫ్రాయిడ్ ఉద్దేశము. మరి మొదటివారికి శిక్షణ ఇచ్చినదెవరు? గురుపరంపరను పైకి పైకి ఎక్కించుకొని పోయినచో చివరకు ఫ్రాయిడ్ ఒక్కడే మిగులును. సంగీతములో గురుముఖమున నేర్చిన విద్యకు ఈ న్యాయము సరిపోవచ్చును. కచేరీలో కూర్చున్న శ్రోతలు పాట బాగున్నదో లేదో తామే వినగలరు. విశ్లేషకుని గదిలో మూడవ మనిషి ఉండడు.

వైద్యపట్టా అడ్డుపడినచో ఎవరెవరు బయట నిలిచిపోయి ఉందురో మన పాఠకులలోని ఉపాధ్యాయులకు చెప్పవలెను. ఫ్రాయిడ్ కుమార్తె అన్నా ఫ్రాయిడ్ వైద్యురాలు కాదు, బడిపంతులమ్మ. ఎదుగుదలలోని ఎనిమిది దశలను వివరించి మన బి.ఇడి. పుస్తకములలోనికి ఎక్కిన ఎరిక్ ఎరిక్సన్‌కు విశ్వవిద్యాలయపు పట్టా ఏదియు లేదు. వియన్నాలో ఒక చిన్న పాఠశాలలో పిల్లలకు చదువు చెప్పుచు విశ్లేషణ నేర్చినాడు. శిశువుల మనస్సును గూర్చి వాదములు లేవదీసిన మెలనీ క్లైన్ కూడ పట్టభద్రురాలు కాదు. ఫ్రాయిడ్ వాదమునకు ఈ ముగ్గురికంటె గట్టి సాక్ష్యము లేదు.

శిక్షణకు ఒక పద్ధతి బెర్లిన్‌లో ఏర్పడినది. 1920లో అక్కడ మాక్స్ ఐటింగాన్ మొదలైనవారు ఒక చికిత్సాలయమును తెరచి, దానితో పాటు అభ్యర్థులకు మూడు విధుల శిక్షణను క్రమముగా అమర్చినారు. అభ్యర్థి మొదట తానే ఒకరి వద్ద విశ్లేషణకు లోను కావలెను. పిమ్మట పెద్దల పర్యవేక్షణలో రోగులను చూడవలెను. పాఠములు, చర్చలు వీటితో కలిసి నడచును. నేటికిని చాలా సంస్థలలో ఇదే చట్రము. అభ్యర్థి స్వీయ విశ్లేషణ వారమునకు 4 మారులు, ఏడాదికి 44 వారములు అనుకొని లెక్కవేసినచో ఏడాదికి 176 కూర్చుండుటలు, నాలుగేండ్లకు 704. దీనికయ్యే ఖర్చు అభ్యర్థిదే. ఇంత కాలము, ఇంత ధనము పోసినవానికి తన సంస్థ సిద్ధాంతములను శంకించుట ఎంత కష్టమో పాఠకులు ఊహింపవచ్చును.

1910లో న్యూరెంబర్గులో అంతర్జాతీయ మనోవిశ్లేషణ సంఘము ఏర్పడినది. మరుసటి సంవత్సరము అమెరికన్ సంఘము పుట్టినది. శిక్షణ ఎవరికి ఈయవలెనను విషయములో ఈ రెండింటికి పొత్తు కుదరలేదు. 1938లో అమెరికన్ సంఘము ఇకమీదట వైద్యులకు మాత్రమే శిక్షణ అని నియమము చేసినది. ఆ సంవత్సరమే హిట్లర్ ఆస్ట్రియాను ఆక్రమించుటచే వియన్నా విశ్లేషకులు ప్రాణములు దక్కించుకొనుటకు సముద్రము దాటుచుండిరి. రైక్ కూడ 1938లో న్యూయార్కు చేరినాడు. ఎవని కొరకు ఫ్రాయిడ్ పుస్తకము వ్రాసినాడో అతనికే అక్కడి సంఘము పూర్తి సభ్యత్వము ఈయలేదు. రైక్ ఊరకుండక 1948లో వైద్యేతరులకు కూడ శిక్షణ ఇచ్చు సంఘమొకటి స్వయముగా నెలకొల్పినాడు. అమెరికాలోని స్వతంత్ర సంస్థలకు ఇది పెద్దలలో ఒకటి.

స్వతంత్రులందరు ఉదారులని భ్రమపడరాదు. కరెన్ హార్నీ కథ చూడుడు. స్త్రీల మనస్సును గూర్చి ఫ్రాయిడ్ చెప్పినదానిని ఆమె ఖండించినది. మనోవ్యాధులకు సమాజమును, సంస్కృతిని కారణములుగా చూపినది. 1941లో న్యూయార్కు సంస్థ ఆమెకు శిక్షణ ఇచ్చు అధికారమును తీసివేసి ఉపన్యాసకురాలి స్థాయికి దించినది. ఆమె కొందరు మిత్రులతో బయటకు నడచి ఆ సంవత్సరమే సొంత సంఘమును, సంస్థను స్థాపించినది. ఇంతవరకు కథ వీరగాథవలె ఉన్నది. రెండేండ్లు తిరుగకుండగనే, 1943లో, ఆ కొత్త సంస్థయే ఎరిక్ ఫ్రామ్‌కు బోధనాధికారమును నిరాకరించినది. కారణము ఆయన వైద్యుడు కాకపోవుట! ఫ్రామ్‌తో పాటు క్లారా థాంప్సన్, హారీ స్టాక్ సల్లివన్ బయటకు వచ్చినారు. విలియం అలన్‌సన్ వైట్ సంస్థ అట్లు పుట్టినది. వెలివేయబడినవారు మరల వెలివేయుటకు రెండేండ్లు చాలినవి.

ఈ అడ్డుగోడను కూల్చినది శాస్త్రచర్చ కాదు, వ్యాపార చట్టము. 1985లో నలుగురు అమెరికన్ మనస్తత్వ శాస్త్రజ్ఞులు తమకు శిక్షణ నిరాకరించుట గుత్తాధిపత్యమగునని, దానిని నిరోధించు చట్టము క్రింద అమెరికన్ సంఘముపైన, అంతర్జాతీయ సంఘముపైన, న్యూయార్కులోని రెండు శిక్షణ సంస్థలపైన దావా వేసినారు. 1890 నాటి ఆ చట్టము చమురు, రైలు కంపెనీల వంటి వాటిని అదుపులో పెట్టుటకు ఉద్దేశింపబడినది. 1988లో రాజీ కుదిరినది. వైద్యేతరులకు అమెరికన్ సంఘపు సంస్థలలో ద్వారము తెరువబడినది. అంతకంటె మన విషయమునకు ముఖ్యమైనది, ఆ సంఘముతో నిమిత్తము లేకుండ స్వతంత్ర సంస్థలు నేరుగా అంతర్జాతీయ సంఘములో చేరుటకు అవకాశము కలుగుట. న్యూయార్కు నుండి రెండు, లాస్ ఏంజలిస్ నుండి రెండు సంఘములు ముందుగా చేరినవి. ఇట్టివన్నియు కలిసి స్వతంత్ర మనోవిశ్లేషణ సంఘముల సమాఖ్యగా ఏర్పడినవి. అరువది రెండేండ్ల క్రిందట ఫ్రాయిడ్ అడిగినది ఆయన పుస్తకము వలన జరుగలేదు. న్యాయవాదుల వలన జరిగినది.

చేరుటకు చెల్లింపవలసిన మూల్యము కొన్ని చోట్ల అధికము. ఫ్రాన్సులో 1953లో చీలిపోయి ఏర్పడిన ఒక సంఘము అంతర్జాతీయ గుర్తింపు కొరకు పదేండ్లు అర్జీలు పెట్టుకొన్నది. ఆ సంఘములో ప్రసిద్ధుడు జాక్ లకాన్. రోగితో కూర్చుండు కాలము గడియారమును బట్టి కాక సందర్భమును బట్టి ఉండవలెనని ఆయన మతము. ఒక్కొక్కప్పుడు కొద్ది నిమిషములకే ముగించెడివాడు. ఆయనను శిక్షకుల జాబితా నుండి తొలగించినగాని గుర్తింపు లేదని అంతర్జాతీయ సంఘము తేల్చినది. 1963లో తొలగించినారు. తొలగించినవారు వేరొక సంఘముగా ఏర్పడి 1965లో గుర్తింపు పొందినారు. లకాన్ 1964లో తన సొంత పాఠశాలను స్థాపించినాడు. ఇచట అంతర్జాతీయ సంఘమును పూర్తిగా నిందించుట న్యాయము కాదని నా అభిప్రాయము. సమయము తగ్గించినచో గంటకు పలువురిని చూడవచ్చును. అది ధనముతో ముడిపడిన మాట. విశ్లేషకుడు తన యోగ్యతను తానే ప్రకటించుకొనవలెనన్న లకాన్ తరువాతి సూత్రము ఎట్టి ప్రమాదమునకు దారితీయునో చెప్పనక్కరలేదు. అయినను ఆ వివాదములో లోపించినది ఒకటి ఉన్నది. కూర్చుండు కాలము తగ్గినచో రోగికి మేలా, కీడా అని కొలిచి చూచి నిర్ణయించినవారు ఇరుపక్షములలోను లేరు.

మన దేశమునకు ఈ చరిత్రలో స్థానమున్నది. 1922లోనే కలకత్తాలో భారతీయ మనోవిశ్లేషణ సంఘము ఏర్పడి, ఆ సంవత్సరమే అంతర్జాతీయ సంఘములో చేరినది. స్థాపకుడు గిరీంద్రశేఖర్ బోస్ వైద్యుడు, కలకత్తా విశ్వవిద్యాలయములో మనస్తత్వ శాస్త్ర ఆచార్యుడు. తన సిద్ధాంతగ్రంథమును ఫ్రాయిడ్‌కు పంపి, పదునైదేండ్లకు పైగా ఉత్తరప్రత్యుత్తరములు జరిపినాడు. ఫ్రాయిడ్‌తో విభేదించుటకు వెనుదీయలేదు. ఆయన వియన్నాకు గాని, బెర్లిన్‌కు గాని పోలేదు. గుర్తింపు పొందిన ఏ శిక్షకుని వద్దను విశ్లేషణకు లోను కాలేదు. ఆయన తొలి అనుచరులలో ఎక్కువమంది కళాశాల అధ్యాపకులు. తరువాతి కాలపు నియమములు 1922లో ఉన్నచో కలకత్తా సంఘము చేరగలిగి ఉండెడిది కాదు. చేర్చుకొన్నందున విద్యకు నష్టము కలిగినదా? ఆ సంఘము 1940లో లుంబినీ పార్కు మానసిక చికిత్సాలయమును, 1947లో 'సమీక్ష' అను పత్రికను ఆరంభించినది.

ఇక ముద్ర విలువను పరిశీలింతము. కూరగాయల అంగడిలోని కిలో రాయిపై తూనికలు కొలతల శాఖవారి ముద్ర ఉండును. ఆ రాయిని ఇన్‌స్పెక్టరు తన వద్దనున్న ప్రమాణముతో సరిపోల్చును. ఆ ప్రమాణమును మరియొక ఉన్నత ప్రమాణముతో సరిపోల్చుదురు. ఆ వరుస న్యూఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాలకు చేరును. అచటి 57వ నంబరు లోహపు దిమ్మె పూర్వము పారిస్ వద్దనున్న మూల దిమ్మెతో సరిచూడబడెడిది. 2019 నుండి కిలోగ్రాముకు ఆధారము ప్లాంక్ స్థిరాంకము; అది మనుష్యుల ఇష్టాయిష్టములకు లోబడదు. ముద్ర వెనుక ఇంత గొలుసు ఉన్నందుననే మనము అంగడివానిని నమ్ముచున్నాము.

మనోవిశ్లేషణ సంఘపు ముద్ర వెనుక ఏమున్నది? సంఘమువారు సంస్థను సందర్శింతురు. పాఠ్యప్రణాళిక, శిక్షకుల అర్హతలు, గంటల లెక్క, నియమావళి చూతురు. ఇవన్నియు అవసరమే. ఇవి ఒక సంస్థ మరియొక సంస్థవలె నడచుచున్నదని చెప్పును. గొలుసు అక్కడ ఆగిపోవును. రాళ్లను రాళ్లతోనే తూచినట్లున్నది. 1938లో ఎడ్వర్డ్ గ్లోవర్ అను బ్రిటిష్ విశ్లేషకుడు తన తోటివారికి ప్రశ్నావళి పంపి వారు రోగులతో వాస్తవముగా ఏమి చేయుచున్నారో అడిగినాడు. జవాబిచ్చినవారందరు ఒకే సంఘపు సభ్యులు; పూర్తిగా ఏకీభవించినది చాలా కొద్ది విషయములలోనే. మరియొక ఉదాహరణము. ఐటింగాన్ పద్ధతిలో వారమునకు 4 లేక 5 మారులు విశ్లేషణ జరుగవలెనన్న నియమమును అంతర్జాతీయ సంఘము 2017లో 3 నుండి 5 వరకు అని సడలించినది. సడలించుట మంచిదే కావచ్చును. కాని నాలుగు మారులు లేనిది అసలు విశ్లేషణయే కాదని దశాబ్దముల తరబడి వాదించినవారు ఉండిరి. అట్టి సంఖ్య పాలకమండలి తీర్మానముతో మారినది.

ఫలితములను కొలుచుట అసాధ్యమని కొందరు విశ్లేషకులు అందురు. బయటివారు కొలువకుండ ఉండలేదు. 1952లో హన్స్ ఐసెంక్ ఏడువేలకు పైగా రోగుల వివరములను క్రోడీకరించి, మనోవిశ్లేషణ పొందినవారిలో నూటికి 44 మంది మెరుగైనారనియు, ప్రత్యేక మానసిక చికిత్స లేకుండగనే మూడింట రెండు వంతుల మంది కోలుకొనుచున్నారనియు వాదించినాడు. చికిత్సను నడుమ మానివేసినవారిని కూడ విఫలుల క్రింద చేర్చుట మొదలైన తప్పులు ఆ లెక్కలో ఉన్నవని తరువాతివారు చూపినారు. 2008లో జర్మనీ పరిశోధకులు ఇరువురు 23 పరిశీలనలను, 1,053 మంది రోగులను కలిపి లెక్కకట్టి, మనోవిశ్లేషణ మూలముగా గల దీర్ఘకాలిక చికిత్సలు సంక్లిష్ట వ్యాధులలో హ్రస్వ చికిత్సలకంటె మేలు చేయునని ప్రకటించినారు. వారి గణితముపై కూడ విమర్శలు వచ్చినవి. విషయము ఇంకను తేలలేదు. తేలునపుడు ఈ మార్గముననే తేలవలెను. రెండు పక్షముల అంకెలును బయట పెట్టబడినవి గనుకనే తప్పులు పట్టుట సాధ్యమైనది.

అట్లని స్వతంత్ర సంస్థలు సంఘములలో చేరకుండుటయే మేలని నేను అనను. ఇరువది ముప్పదిమంది ఉన్న చిన్న సంస్థలో శిక్షకుడే విశ్లేషకుడు, పరీక్షకుడు, స్నేహితుడు, కొన్నాళ్లకు సహోద్యోగి. పూర్వము చాలా చోట్ల అభ్యర్థిని విశ్లేషించుచున్నవాడే అతని పురోగతిని గూర్చి కమిటీకి నివేదిక పంపెడివాడు. మనస్సు విప్పి చెప్పుమనువాడే మార్కులు వేయువాడైనచో మనస్సు విప్పువాడెవడు? ఈ విషయమున మైకేల్ బాలింట్ 1948లోనే ఈ శిక్షణను ఆటవిక జాతుల దీక్షా సంస్కారములతో పోల్చినాడు. ఆ పోలికలో జాతులను గూర్చిన మాట నేడు రుచింపదు గాని, సంస్థను గూర్చిన మాట సరియైనదే. అట్టి చోట అన్యాయము జరిగినచో అభ్యర్థి మొరపెట్టుకొనుటకు బయట ఒక పెద్ద ఉండవలెను. సంఘములో చేరుట వలన కలుగు నిజమైన లాభము అదియే. ఊరు మారిన విద్యార్థి తన చదువును వేరొకచోట కొనసాగింపవచ్చును. రోగి కూడ ఎవరికి ఫిర్యాదు చేయవలెనో తెలిసికొనును.

న్యూయార్కు రాష్ట్రము వేరొక దారి త్రొక్కినది. 2002లో చట్టము చేసి, మనోవిశ్లేషకుడను పేరు పెట్టుకొనుటకు ప్రభుత్వపు లైసెన్సు కావలెనన్నది. స్నాతకోత్తర పట్టా, శిక్షణ సంస్థలో చదువు, 1,500 గంటల పర్యవేక్షిత అనుభవము, పరీక్ష అందుకు అర్హతలు. వైద్యపట్టా అవసరము లేదు. ప్రభుత్వము వచ్చినంత మాత్రమున విద్య నిజమగునని కాదు; కనీసము రోగికి, విశ్లేషకుల కూటమికి సంబంధము లేని మూడవ మనిషి ఒకడు గదిలోనికి వచ్చినాడు. 1926లో ఫ్రాయిడ్ కల్పించిన పెద్దమనిషి వలె ఇతడు మర్యాదకు మౌనము వహింపనవసరము లేదు.

ఈ సంస్థలను గూర్చి లోపలివారే చేసిన విమర్శలలో చదువదగినది ఆటో కెర్న్‌బర్గ్ 1996లో వ్రాసిన వ్యాసము. మనోవిశ్లేషణ అభ్యర్థుల సృజనశక్తిని చంపుటకు ముప్పది ఉపాయములను ఆయన అందులో వ్యంగ్యముగా సూచించినాడు. ఆ వ్యాసము ప్రకటించినది వారి అంతర్జాతీయ పత్రికయే. మరుసటి సంవత్సరము, 1997లో, కెర్న్‌బర్గ్ అంతర్జాతీయ సంఘమునకు అధ్యక్షుడై నాలుగేండ్లు ఆ పదవిలో ఉన్నాడు. ఫ్రామ్ మొదలైనవారు బయటకు వచ్చి పెట్టుకొన్న వైట్ సంస్థ కూడ ఏడు దశాబ్దముల తరువాత అమెరికన్ సంఘములో చేరినది.